మూలలు కత్తిరించిన గుడ్డలు

మొన్నామధ్య మా వీధి చివరి ఆడపిల్లల స్కూలువాళ్లు నన్ను పిలిచారు. రిటైరైన టీచరమ్మ కదా, కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు మంచిమాటలు చెప్పించుకుని, టీ ఇచ్చి పంపేద్దామని వాళ్ల ఉద్దేశం. బడిలో ఉండగా నెలసరి వస్తే కంగారుపడకుండా ప్రతి పిల్లా తనకంటూ ఒక చిన్న సంచి సర్దిపెట్టుకోవాలట, ఆ రోజు కార్యక్రమం అది. ఆసుపత్రి నుంచి వచ్చిన నర్సమ్మాయికి పాతికేళ్లు కూడా ఉండవు. బల్లమీద అన్నీ వరసగా పరిచింది. రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు, సబ్బు ముక్క, పిన్నీసులు, కడుపునొప్పి మాత్ర. పిల్లలు ఒకళ్లనొకళ్లు మోచేత్తో పొడుచుకుంటూ, కిసుక్కుమంటూ జిప్పు సంచుల్లో సర్దుకుంటున్నారు. చూడముచ్చటగానే ఉంది.

నేను నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదా. ఊరుకోను. అదే నా రోగం.

"వాడినది ఎక్కడ పెట్టుకుంటారమ్మా?" అని నర్సమ్మాయిని అడిగాను.

"డస్ట్‌బిన్ ఉంది కదా మేడం."

"ఏదీ, చూపించు."

వరండా చివర, మాస్టర్లు కూర్చునే గది గుమ్మం పక్కన, మూత లేని ప్లాస్టిక్ బకెట్టు ఉంది. అందులో అరటితొక్కలు, సుద్దముక్కలు. నాకు ఒళ్లు మండిపోయింది. "అయితే నువ్వే వెళ్లు తల్లీ. ఆ మాస్టర్లందరి ముందునుంచీ చేత్తో పట్టుకెళ్లి, ఇందులో వేసి రా, చూస్తాను" అన్నాను. పాపం, ఆ పిల్ల మొహం మాడిపోయింది. హెడ్మిస్ట్రెస్ నా చెయ్యి పట్టుకుని "మేడం, టీ చల్లారిపోతోంది" అంది. చల్లారిపోనీ. ప్రతి సంచిలోనూ ముందుగా ఒక ఖాళీ నల్ల కవరు పెట్టించి, ఆ తరవాతే మిగతావి పెట్టించాను. అదయ్యేదాకా కుర్చీలోంచి లేవలేదు. వెనకనుంచి ఎవరో "ముసలావిడకి చాదస్తం" అనడం నా చెవిన పడింది.

చాదస్తం కాదు. ఆ ఖాళీ కవరు లేక ఒక పిల్ల చదువు పోయింది. పోగొట్టింది నేను. ఇన్నేళ్లలో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. చెప్పినప్పుడు కూడా సగం చెప్పి, నాకు అనువైన సగమే చెప్పాను. ఇప్పుడు మొత్తం చెప్తాను.

అప్పుడు నేను తొమ్మిదో క్లాసు. బరంపురంలో ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు సెక్షను. మా నాన్నకి కిరాణా కొట్టు. మాకు తిండికీ బట్టకీ లోటు లేదు, గర్వానికి అసలే లేదు. మా క్లాసులోకి గోపాల్‌పూర్ నుంచి ఒక పిల్ల వచ్చేది. వాళ్లు సముద్రం మీద వేటకెళ్లేవాళ్లు. వాళ్లమ్మ రోజూ పొద్దున్నే చేపల తట్ట నెత్తిన పెట్టుకుని మొదటి బస్సులో బరంపురం బజారుకి వచ్చేది. కూతుర్ని వెంట తెచ్చి బడి గేటు దగ్గర దింపి, తను బజారుకి పోయేది. అలా ఆ పిల్లకి పెద్ద ఊళ్లో చదువు దొరికింది. బస్సు దిగి నడిచొచ్చేసరికి ఆ పిల్ల బట్టలకి తట్ట వాసన పట్టి ఉండేది. "చేపల బుట్టొచ్చింది, కిటికీలు తియ్యండే" అని మేం అరిచేవాళ్లం. ఆ పేరు పెట్టింది ఎవరనుకున్నారు? నేనే. పెట్టిన రోజున క్లాసంతా నవ్వింది. నాకు చాలా గొప్పగా అనిపించింది.

ఆ పిల్ల పట్టించుకునేది కాదు. కిటికీ పక్కనే కూర్చునేది. లెక్కల్లో మాత్రం ఎవరూ దాని దరిదాపులకి పోలేకపోయేవాళ్లం. టీచరు బోర్డుమీద లెక్క సగం రాసేలోపు ఇది జవాబు గొణిగేది. నాకు లెక్కలంటే ఏడుపు. ఎనిమిదో క్లాసు పరీక్షలో నాకు వచ్చిన మార్కులు చూసి మా నాన్న ఆ పూట భోజనం మానేశాడు.

వేసవి సెలవుల తరవాత బడి తెరిచిన కొత్తలో, డ్రిల్లు పీరియడులో, ఆ పిల్ల లైనులోంచి తప్పుకుని డ్రిల్లు సామాన్ల గదిలోకి దూరింది. ఆ గది తాళం నా దగ్గర ఉండేది, డ్రిల్లు కోసం అప్పుడే తీశాను. క్లాసు లీడర్ని కదా. ఏం దొంగిలిస్తోందో చూద్దామని వెనకే వెళ్లాను. రింగులాట రింగులూ స్కిప్పింగు తాళ్లూ దాచే చెక్కపెట్టె వెనకాల గోడకి ఆనుకుని నిలబడి ఉంది. లంగా వెనక భాగం ముందుకి తిప్పి పట్టుకుని చూసుకుంటోంది. నన్ను చూడగానే లంగా గభాల్న కిందికి వదిలేసింది.

"ఓలే, మాయమ్మకి సెప్పకే. నీ కాళ్లట్టుకుంతాను."

"ఏటే, సమర్తాడేవా?" అన్నాను. నాకు అంతకు ముందు ఏడాదే అయింది. మా ఇంట్లో పదకొండు రోజులు సందడి చేసి, చిమ్మిలుండలు పెట్టి, ఊరంతా పిలిచారు. దీనికి భయం దేనికో నాకు అర్థం కాలేదు.

"మా అయ్య ఏటన్నాడో తెల్సా? సమర్తాడిన్నాటికి సదువు బందు అన్నాడు. మా మామున్నాడు, ఆడికిచ్చీడానికి అంతా మాటాడీసుకున్నారు. నాను పెద్దదవ్వడం కోసమే సూత్తన్నారు."

"మరేటి సేస్తావు? దాచేత్తావేటి?"

"రెండేళ్లు. రెండేళ్లు దాసీగల్తే మెట్రిక్ అయిపోద్ది. మెట్రిక్ పాసైతే నర్సు ట్రైనింగుకి తీసుకుంతారట. ఉండ్డానికి గదిత్తారట, కూడెడతారట. అప్పుడింక నన్నెవులేటంతారు?"

పదమూడేళ్ల పిల్ల అంత దూరం ఆలోచించి పెట్టుకుంది. నేను ఆ క్షణంలో ఏమాలోచించానో చెప్తాను వినండి. లెక్కల గురించి ఆలోచించాను. "సరే, సెప్పను. కానీ నా లెక్కలన్నీ నువ్వే సెయ్యాలి" అన్నాను. అది ఏడుస్తూనే తలూపింది.

మర్నాడు ఇద్దరం కలిసి డబ్బా సర్దాం. అందులో నాకు సరదా కూడా ఉంది, కాదనను. రహస్యం, తాళం, ఇద్దరమే. మా కొట్లోంచి బిస్కెట్ల రేకుడబ్బా తెచ్చాను. మా అమ్మ పాత నేతచీర ఒకటి అటకమీద ఉంటే చింపి, చెయ్యి వెడల్పు మడతలుగా ఆరు గుడ్డలు చేశాను. అప్పట్లో మా ఇళ్లల్లో వాడినవి ఆ గుడ్డలే. నడుముకి కట్టుకోవడానికి లంగా బొందు ఒకటి, నాలుగు పిన్నీసులు, బట్టల సబ్బు ముక్క, పాత పేపరు, నాదే ముదురు నీలం లంగా ఒకటి. అన్నీ పెట్టి, మూతపెట్టి, డ్రిల్లు గది పెట్టెలో రింగుల అడుగున తోసేశాం. ఆ పిల్ల డబ్బా మూతని చేత్తో నిమిరింది. "మాయప్పకి కూడా ఇంత సేసినోలు నేరు" అంది. మాయప్ప అంటే వాళ్లక్క. ఆవిడకి ఏడాది ముందే పెళ్లయి రంభ అనే ఊరి దగ్గర చిలకా సరస్సు ఒడ్డున ఉందట.

ఇంత చేసినదాన్ని, నేను మంచిదాన్నే అని మీరనుకుంటారేమో. అనుకోకండి. ఎప్పుడైనా అది లెక్కలు ఇవ్వడం ఆలస్యం చేస్తే "బజార్లో మీయమ్మ ఉంది, పిలిపించనా?" అనేదాన్ని. దాని మొహం తెల్లబోయేది. నోటుబుక్కు నా చేతిలో పడేది. అలా బెదిరించాల్సిన అవసరం లేదని నాకు తెలుసు, అడిగితే ఇచ్చేదే. కానీ బెదిరిస్తే ఆ మొహం అలా అయిపోవడం చూడటం నాకు బాగుండేది.

పైగా దానికి ఇంట్లో ఇంకో నరకం ఉంది. వాళ్లిళ్లల్లో, ఆ నాలుగు రోజులూ ఆడమనిషి వల దాటకూడదు, వల ముట్టుకోకూడదు, పడవ నీళ్లలోకి దింపేటప్పుడు ఎదురు రాకూడదు. ఇదేమో దాచిపెట్టింది. పెద్దది కాని పిల్ల కదా అని వాళ్లయ్య సాయంత్రం కాగానే వల చిరుగులు కుట్టడానికి కూర్చోబెట్టేవాడు. ఏ వంక చెప్పి తప్పించుకుంటుంది? కూర్చుని కుట్టేది. ఒక నెల వాళ్ల వల నీళ్లడుగున రాళ్లకి పట్టి నిలువునా చిరిగిపోయింది. ఆ సంగతి చెప్తూ డ్రిల్లు గదిలో వెక్కివెక్కి ఏడ్చింది. "నా మూలంగానే. నాను ముట్టుకున్నాననే సిరిగింది."

"అవునేమో మరి" అన్నాను నేను. నవ్వుతూ అన్నాను. అలాంటివి మా నాన్న నమ్మడు, నేనూ నమ్మను. అయినా అన్నాను.

ఇక్కడ అసలు సంగతికి వస్తాను. డబ్బాలో అన్నీ పెట్టాం గానీ, వాడిన గుడ్డ ఎక్కడ పెట్టాలో ఇద్దరం ఆలోచించలేదు. నాకు ఆ ఆలోచన రాకపోవడానికి కారణం ఉంది. మా ఇంట్లో మైలబట్టలన్నీ పెరటి మూల బకెట్టులో పడేస్తే చాకలామె వచ్చి పట్టుకెళ్లేది. ఉతికి, ఆరబెట్టి, తిరిగి తెచ్చేది. ఆ తరవాత ఆ గుడ్డలు ఏమవుతాయో నేను ఏనాడూ చూసిన పాపాన పోలేదు. వాళ్లింట్లో చాకలి లేదు, ఎవరివి వాళ్లే ఉతుక్కోవాలి. ఉతికితే ఆరెయ్యాలి, ఆరేస్తే అందరూ చూస్తారు. అందుకని ఆ పిల్ల వాడినదాన్ని పేపర్లో చుట్టి, పుస్తకాల సంచి అడుగున పెట్టుకుని, గోపాల్‌పూర్ పట్టుకెళ్లి, చీకటితోనే లేచి సరుగుడు తోపుల్లో ఇసక తవ్వి పూడ్చేసేది. డబ్బాలో గుడ్డలు అయిపోతే నేను అదే చీర మిగతాది చింపి తెచ్చేదాన్ని. మూడు నెలలు అలాగే గడిపింది.

నాలుగో నెల తుపాను పట్టింది. వారం రోజులు పడవలు ఒడ్డునే ఉన్నాయి. మగాళ్లంతా పనీపాటా లేక తోపుల్లోనూ ఒడ్డునా రాత్రనక పగలనక గుంపులుగా కూర్చుని ఉన్నారు. అక్కడ ఇసక తవ్వడానికి వీల్లేకపోయింది.

డ్రిల్లు గదిలో నన్ను అడిగింది. "ఓలే, ఈ ఒక్కసారికి మీ చాకల్దానికి ఏసీవే. నీ వాట్లో కలిపీ. రెండే గుడ్డలు."

పేపరు పొట్లం నావైపు చాపింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"ఛీ! మీ చేపలోళ్ల మైల నేను మోసుకెళ్లాలేటి? మా చాకల్ది లెక్కపెట్టుకుంటాది. దొరికిపోతాను."

చాకలామె ఏనాడూ లెక్కపెట్టలేదు. నాకు రోత, అంతే. పద్నాలుగేళ్లకే నాకు అంత రోత ఎక్కడినుంచి వచ్చిందో మరి. నావీ అవే గుడ్డలు, అదే చీర ముక్కలు.

"మరేటి సెయ్యనే?"

"నాకేటి తెలుసు? ఏదో ఒకటి సేసుకో."

ఆ పిల్ల పొట్లం వెనక్కి తీసుకుని సంచిలో పెట్టుకుంది. ఆ మధ్యాహ్నం ఆ రెండు గుడ్డలూ బడి మరుగుదొడ్లో వేసేసింది.

మర్నాటికి దొడ్డి నీళ్లు పోక పొంగి పొర్లాయి. పాకీపని చేసే ముసలాయన వెదురుకర్ర పెట్టి పొడిచి పొడిచి, చివరికి ఆ గుడ్డల్లో ఒకటి బయటికి లాగాడు. మా కుట్టుపని టీచరమ్మ, మేమంతా దిదీ అని పిలిచేవాళ్లం, మహా గట్టిది. ఒరియా ఆవిడే గానీ తెలుగులో మాకన్నా గట్టిగా తిట్టేది. ఎనిమిది, తొమ్మిది, పది క్లాసుల పిల్లలందర్నీ ఎండలో వరసగా నిలబెట్టింది. నీళ్లు కారుతున్న ఆ గుడ్డని కర్ర చివరన వేలాడేసి మా మొహాల ముందునుంచి మోసుకుంటూ తిరిగింది.

"ఎయిటా కాహార?" అంది. ఇదెవత్తిదీ అని. కొందరు ముక్కు మూసుకున్నారు, కొందరు నవ్వాపుకోలేక పక్కవాళ్ల భుజం వెనక దాక్కున్నారు. ఆ పిల్ల నాకు నలుగురి అవతల నిలబడి నేల చూస్తోంది.

టీచరమ్మ గుడ్డ మూల దగ్గరగా పెట్టుకుని చూసింది. ఆ తరవాత నవ్వింది. "ఓహో, గుర్తుంది!" అంది.

అప్పుడు నాకు తట్టింది. చీర కదా అది. ఏళ్ల తరబడి చాకలికి వేసిన చీర. ఏ ఇంటి బట్టలు ఆ ఇంటికి చేరాలని చాకలివాళ్లు నల్లజీడి గింజ రసంతో మూలన గుర్తు పెట్టేవాళ్లు. ఎన్ని ఉతుకులు ఉతికినా అది పోదు. మా ఇంటి గుర్తు మూడు చుక్కలు, పక్కన ఒక కొక్కెం. పుట్టినప్పట్నుంచీ నా ప్రతి బట్ట మీదా ఉన్నదే. ఎప్పుడూ ఉన్నది కాబట్టే చీర చింపేటప్పుడు నా కంటికి ఆనలేదు. ఆ పిల్లకి సరే, చాకలి గుర్తంటే ఏమిటో కూడా తెలియదు. ఇద్దరం అన్ని గుడ్డలు మడతపెట్టాం, ఒక్కదాని మూలా కత్తిరించలేదు.

"అందరూ లంగా అంచులు తిప్పి చూపించండి" అంది టీచరమ్మ.

ఒక్కొక్కళ్లనీ చూసుకుంటూ వస్తోంది. ఆ పిల్ల అంచు చూసింది, ఏ గుర్తూ లేదు. "నువ్వెళ్లి నీడలో నిలబడు" అంది. ఆ పిల్ల కదల్లేదు. తల తిప్పి నా వైపు చూసింది. నా దగ్గరికి వచ్చేసరికి ఏమవుతుందో దానికి అప్పుడే అర్థమైనట్టుంది. నోరు తెరవబోయింది. తెరవబోయిందని నాకు బాగా గుర్తు. తనదే అని ఒప్పేసుకోబోయిందా, నన్ను బతిమాలబోయిందా, నాకు తెలియదు. నేను తెలుసుకోనివ్వలేదు.

టీచరమ్మ నా అంచు పట్టుకుని "ఇదిగో!" అనగానే అరిచేశాను. "నేను కాదు దిదీ! ఆ గుడ్డ నేనే ఇచ్చాను. వాడింది అదిగో, ఆ గోపాల్‌పూర్ పిల్ల. దొడ్లో వేసిందీ అదే. నాలుగు నెలల్నుంచీ ఇంట్లో చెప్పకుండా దాచుకుంటోంది. కావాలంటే డ్రిల్లు గదిలో డబ్బా ఉంది, చూడండి."

భయంతో అన్నానని తరవాత చాలామందికి చెప్పాను. అబద్ధం. నాదే అని ఒప్పుకుంటే నాకేమయ్యేది? చేతుల మీద రెండు బెత్తం దెబ్బలు, సాయంత్రందాకా గోడకుర్చీ, చీర చింపినందుకు అమ్మ దగ్గర తిట్లు. ఆ మర్నాటికి అందరూ మర్చిపోయేవాళ్లు. చెప్తే దానికేమవుతుందో అణువణువూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తెలిసే చెప్పాను. ఆ గుడ్డ నాది అని అందరూ నన్ను చూసి ముక్కు మూసుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ ముక్కు మూసుకోవడం దానికి అలవాటే కదా అనిపించింది.

"నీదేనా?" అని టీచరమ్మ అడిగింది.

"ఔను" అంది ఆ పిల్ల.

ఆయాని బజారుకి పంపి వాళ్లమ్మని పిలిపించారు. ఆవిడ తట్ట నెత్తిన పెట్టుకునే పరుగెత్తుకొచ్చింది. తట్ట గేటు బయటే దింపి రమ్మన్నారు. దింపి, చీర కుచ్చెళ్లకి చేతులు తుడుచుకుంటూ, "గుంటకేటయింది? దెబ్బేటైనా తగిలిందేటి?" అని అడుగుతూ వచ్చింది. టీచరమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అంతా చెప్పింది. డబ్బా తీసి, మూత తెరిచి చూపించింది. మిగతా పిల్లలందరం అక్కడే ఉన్నాం. మమ్మల్ని పొమ్మనలేదు.

ఆ తల్లికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తన లెంపలు తనే వాయించుకుంది.

"నాలుగు నెల్లు! ఓలమ్మో, నాలుగు నెల్లు మైలతోటి ఒల కుట్టేవే! మీ అయ్య ఉత్తి సేతుల్తో ఒచ్చినప్పుడల్లా నాను సముద్రాన్ని తిట్టేనే! ఇంట్లో ఉన్న దరిద్రాన్ని సూసుకోనేదే! తమ్ముడు కూడుకేడిసినప్పుడు నీకు నోరెలా రానేదే?"

"అమ్మా, పరీచ్చలే. రెండేళ్లే అమ్మా" అంది ఆ పిల్ల. అదొక్కటే మళ్లీ మళ్లీ అంది. తల్లి జడ పట్టుకుని లాగితే పడింది, లేచింది, మళ్లీ అదే అంది. దిదీ, మీరైనా సెప్పండి, అని టీచరమ్మ వైపు తిరిగింది. టీచరమ్మ గడియారం చూసుకుని క్లాసులోకి వెళ్లిపోయింది.

వెళ్లేముందు ఆ తల్లి నా దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అని వెనక్కి జరిగాను. ఆవిడ నా గడ్డం పట్టుకుంది. "నువ్వు బంగారు తల్లివమ్మా. నువ్వొక్కత్తివే నిజం సెప్పేవు. ఇదిగో, దీని పుస్తకాలు నువ్వే ఉంచుకో. దీనికింకెందుకు? నువ్వు బాగా సదువుకో తల్లీ" అని సంచి మొత్తం నా చేతిలో పెట్టింది. ఆ పిల్ల అప్పుడు ఏడుపాపి నన్ను చూసింది. ఆ తరవాత తల్లి వెనకే గేటు దాటి వెళ్లిపోయింది. సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి నా గడ్డానికి ఇంకా చేప వాసన ఉంది. సబ్బుతో రెండుసార్లు కడిగాను.

మాఘమాసంలో దానికి పెళ్లి చేసేశారని తెలిసింది. నేను దాని లెక్కల నోటుబుక్కు పెట్టుకుని చదివాను. ఒక్కో లెక్కా ఎంత విడమర్చి రాసిందో! మెట్రిక్‌లో లెక్కల్లో మా సెక్షనుకి నాదే మొదటి మార్కు. మా నాన్న కొట్లో వచ్చినవాళ్లందరికీ మిఠాయి పంచాడు. నేనూ రెండు తిన్నాను.

తరవాత టీచర్నయ్యాను. పెళ్లి, పిల్లలు, భంజనగర్‌కి బదిలీ, తిరిగి బరంపురం. అలా ఇరవై ఏళ్లకి పైనే గడిచాయి. ఒక ఆదివారం చేపల బజార్లో, వాళ్లమ్మ కూర్చునే చోటే, కత్తిపీట ముందు అది కూర్చుని కనిపించింది. ముందు దాని గొంతు గుర్తుపట్టాను. పక్కన పన్నెండు పదమూడేళ్ల కూతురు, అచ్చం అదే మొహం, కాగితం మీద పెన్సిలుతో ఏదో కూడుతోంది. ఇద్దరం మాట్లాడుకోలేదు. అది నన్ను చూసిందో లేదో కూడా తెలియదు. కొనకుండానే ఇంటికి వచ్చేశాను.

ఆ రాత్రంతా నాకు ఆ కూతురే కళ్లముందు ఆడింది. నెల తిరగకుండానే పాత చీర తీశాను. గుడ్డలు చింపాను. ఒక్కోదానికి నాలుగు మూలలూ కత్తెరతో కత్తిరించాను. అప్పటికి చాకలి గుర్తులు ఎక్కడున్నాయి, మా ఇంట్లో పనమ్మాయే ఉతికేది. అయినా కత్తిరించాను. బొందు, పిన్నీసులు, సబ్బు, అన్నిటికన్నా పైన తడి దిగని నూనెగుడ్డతో నేనే కుట్టిన ఖాళీ సంచి. రేకుడబ్బాలో సర్ది, చంకలో పెట్టుకుని బజారుకి వెళ్లాను. క్షమించేస్తుందని అనుకున్నాను కాబోలు. కాబోలేమిటి, అనుకున్నాను.

కూతురు ఆ రోజు లేదు. డబ్బా దాని ముందు పెట్టాను. "నీ కూతురికి. బడికి పట్టుకెళ్లడానికి" అన్నాను.

అది చేతులు కడుక్కుని మూత తీసింది. ఒక్కో గుడ్డా మడత విప్పి నాలుగు మూలలూ చూసింది.

"మూలలు కోసీసేవు. తెలివొచ్చింది" అంది.

ఆ తరవాత ఖాళీ సంచి ఎత్తి చూపించింది.

"ఇదేటి?"

"వాడింది పెట్టుకోడానికి."

ఆ ఖాళీ సంచిని చాలాసేపు చేత్తో పట్టుకుంది. లోపల చెయ్యి పెట్టి చూసింది. "ఇదే అడిగేను గదా నిన్ను అప్పుడు" అంది. ఆ తరవాత అన్నీ ఎలా ఉన్నవి అలా మడతపెట్టి, మూతపెట్టి, డబ్బా నావైపు తోసింది.

"నా గుంటకక్కర్నేదు. కార్తీకంలో పెద్దదైపోనాది. బడి మానిపించీసేను."

"నువ్వా? నువ్వే మానిపించేవా? ఇదంతా పడి కూడా, కన్నకూతుర్ని నువ్వే ఆపేవా? బుద్ధుందేటే నీకు?" నేను బజారన్నది కూడా మరిచిపోయి అరిచాను. పక్కవాళ్లు తలలు తిప్పి చూశారు. ఏ హక్కుతో అరిచానో నాకే తెలియదు.

అది కోపం తెచ్చుకోలేదు. కత్తిపీట మీద చేప పెట్టి పొలుసు తీస్తూ మాట్లాడింది.

"సదువుకున్న ఆడదాన్ని దగ్గరుండి సూసింది ఒకత్తినే నాను. నిన్నే. నా కూతురు నీలాగవ్వడం నాకిట్టం నేదు."

ఆ తరవాత నా వెనక నిలబడ్డ ఆవిడతో బేరం మొదలుపెట్టింది. నేను డబ్బా తీసుకుని ఇంటికి వచ్చేశాను.